అమ్మమ్మ మంచినీళ్ళు ఎందుకు మానేసింది?

పోయినేడు మా పిన్ని కొడుకు పెళ్ళికి గుంటూరు నుంచి తిరుపతికి బస్సు మాట్లాడారు. అమ్మమ్మ రానంది. ఎందుకంటే మోకాళ్ళ నొప్పులంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి వడియాలు పెట్టడానికి మేడ మీదకి ఎలా ఎక్కుతోందో మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, నాతో సహా. చివరికి బయల్దేరే ముందు రోజు అమ్మకి చెప్పిందట. దగ్గినా తుమ్మినా చీర తడుస్తోందని, ఇది పదిహేనేళ్ళుగా ఉందని, ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేస్తానని. అమ్మ నాకు ఇదంతా ఫోన్లో గుసగుసగా చెప్పింది. అప్పుడు ఇంట్లో తనొక్కతే ఉంది, అయినా గుసగుసే.

పిల్లలు చేస్తే "పక్క తడపడం" అని చక్కటి మాటుంది మనకి. పెద్దవాళ్ళకి వస్తే మాట లేదు, "వయసైపోయింది కదా" అంటాం. పేరు లేని బగ్గుని ఎవరూ రిపోర్ట్ చెయ్యరు, మా టీములో రోజూ చూస్తున్నదే. సరే, నాకలవాటైన పని నేను చేశాను, చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ముందు కాస్త మెకానిజం. మూత్రాశయం కండరంతో చేసిన సంచి. అడుగున దాన్ని బిగించి పట్టుకునే కండరాలుంటాయి, వాటిని మోసే కండరాల పరుపు (పెల్విక్ ఫ్లోర్) ఒకటుంటుంది. కాన్పుల వల్లో, వయసు వల్లో ఆ పరుపు సడలితే దగ్గినప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడికి చుక్కలు జారతాయి. ఇది ఒక రకం. నిండకముందే సంచి తనంతట తాను ముడుచుకుపోయి, బాత్రూం చేరేలోపే అయిపోవడం ఇంకో రకం. మగవాళ్ళలో ప్రోస్టేట్ పెరిగి, సంచి ఖాళీ అవక పొంగి పొర్లడం మరోటి. వీటన్నిటికీ కలిపి ఒకే మందు ఉండదని ఇక్కడే అర్థమవుతుంది.

ఈ బాధ కొత్తదేం కాదు. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పాపిరస్‌లోనే దీనికి మందులు రాశారు. అంతకంటే పాతది హెన్‌హెనిత్ అనే రాచకుటుంబపు స్త్రీ మమ్మీ. 4000 ఏళ్ళ నాటిది. 1935లో డెర్రీ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షిస్తే మూత్రాశయానికీ యోనికీ మధ్య చిరుగు కనబడింది. దీన్ని ఫిస్టులా అంటారు. కాన్పు అడ్డం తిరిగి రోజుల తరబడి సాగితే బిడ్డ తల నొక్కుడికి లోపలి కండ చచ్చిపోయి కన్నం పడుతుంది. ఇక మూత్రం రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. అమ్మమ్మది ఈ రకం కాదు, కానీ ఆపరేషన్ల చరిత్ర ఇక్కణ్ణించే మొదలవుతుంది కాబట్టి చెప్పక తప్పదు.

1845లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గొమరీ ఊళ్ళో జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే డాక్టరు దీనికి ఆపరేషన్ కనిపెట్టాలనుకున్నాడు. ఎవరి మీద చేశాడయ్యా అంటే బానిస స్త్రీల మీద. ఆయన ఆత్మకథలో ముగ్గురి పేర్లే ఉన్నాయి: అనార్కా, బెట్సీ, లూసీ. మిగతావాళ్ళకి పేర్లు కూడా లేవు. యజమానులు ఒప్పుకున్నారు, ఇంక వాళ్ళనడిగేదేముంది! మత్తు లేదు. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు లోకానికి తెలిసిన తర్వాత కూడా ఆయన వాడలేదు. లూసీకి మూత్రాశయంలో స్పాంజి ముక్క పెడితే చీము పట్టి ప్రాణం మీదకొచ్చింది. వరసగా ఓడిపోతుంటే తోటి డాక్టర్లు విసుగొచ్చి రావడం మానేశారు. అప్పుడు ఒకరి ఆపరేషన్‌కి మరొకరు పట్టుకుని సాయం చేసింది ఆ ఆడవాళ్ళే. 1849లో వెండి తీగతో కుట్లు వేసి మొదటిసారి గెలిచాడు. అది అనార్కాకి ముప్ఫయ్యో ఆపరేషన్.

ముప్ఫై! నేనిక్కడ చదవడం ఆపి కాసేపు బయటికెళ్ళి వచ్చాను.

ఆ పద్ధతి పనికొచ్చింది, దాంతో లక్షణంగా బాగైన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. అది నిజమే, ఇదీ నిజమే. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గరున్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తీసేశారు. మాంట్‌గొమరీలో 2021లో ఆ ముగ్గురి విగ్రహాలు వెలిశాయి. ఇదే జబ్బుకి ఇథియోపియాలో హామ్లిన్ దంపతులు 1974లో అడిస్ అబాబాలో ప్రత్యేకంగా ఆస్పత్రి కట్టి ఉచితంగా వైద్యం చేశారు. కేథరీన్ హామ్లిన్ 2020లో పోయేదాకా ఆ పనిలోనే ఉంది.

ఇక అమ్మమ్మ సంగతికి దగ్గరైనవాడు ఆర్నాల్డ్ కెగెల్. లాస్ ఏంజెలెస్‌లో గైనకాలజిస్టు. కత్తి కంటే ముందు కండరాలకి కసరత్తు నేర్పి చూద్దామన్నాడు. 1948లో అచ్చయిన ఆయన వ్యాసం పుణ్యమాని ఆ కసరత్తుకి ఆయన పేరే స్థిరపడింది. నాకు నచ్చింది మాత్రం కసరత్తు కంటే ఆయన చేసిన పనిముట్టు. ఆ కండరాలు కంటికి కనబడవు, చాలామందికి అవున్నాయనే తెలీదు. అందుకని లోపల పెట్టే చిన్న రబ్బరు గొట్టానికి గాలిపైపుతో డయలు తగిలించాడు. సరైన కండరం బిగిస్తే ముల్లు కదులుతుంది, పొరపాటున తొడలు బిగిస్తే కదలదు. పేషెంటు తన పనితీరు తనే చూసుకోవచ్చు. లాగ్ లేకుండా డీబగ్ చెయ్యమంటే మనమెంత ఏడుస్తామో తెలుసు కదా, ఆయన ఆడవాళ్ళకి లాగ్ ఇచ్చాడు.

తర్వాత లోకం ఏం చేసింది? డయలు వదిలేసి కసరత్తు పేరు మాత్రం ఉంచుకుంది. "బిగించి వదలండమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి పంపించడం అలవాటైంది. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకి ఇలా నోటిమాటగా చెప్పి చూస్తే సుమారు సగం మందే సరిగ్గా చేశారు. పావు వంతు మంది చేసింది ఆ బాధని పెంచే రకంగా ఉంది. "చేశానమ్మా, తగ్గలేదు" అనేవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎంతమందో!

ఈలోపు కత్తి మళ్ళీ వచ్చింది. 1996లో స్వీడన్ డాక్టరు ఉల్మ్‌స్టెన్ మూత్రనాళం కింద ప్లాస్టిక్ పట్టీ వేసే చిన్న ఆపరేషన్ ప్రకటించాడు. చాలామందికి హాయిగా పనిచేసింది. కొందరికి ఆ పట్టీ లోపల ఒరుసుకుపోయి, ఏళ్ళ తరబడి నొప్పి. చెబితే "మీ భ్రమ" అన్నారట. ఇంగ్లండులో 2018లో వీటిని ఆపేశారు, 2020లో కంబర్లెజ్ నివేదిక ఆ ఆడవాళ్ళ గోడు ఎవరూ వినలేదని తేల్చింది. సిమ్స్ కాలం తర్వాత ఇన్నేళ్ళకి!

అమ్మమ్మని ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. అంతకుముందు చూసిన డాక్టరు వయసనేసి ఊరుకున్నాడు. ఈవిడ మాత్రం చేత్తో పరీక్షించి, ఏ కండరం బిగించాలో తెలిసేలా నేర్పింది. డయలు పని వేలితో చేసిందన్నమాట. నీళ్ళు మానెయ్యొద్దని కోప్పడింది కూడా, మూత్రం చిక్కబడితే సంచికి ఇంకా చిరాకట. మూడు రోజులు డైరీ రాయమంది: ఎన్ని గ్లాసులు తాగారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎప్పుడు తడిసింది. అమ్మమ్మ పాల లెక్క పుస్తకంలో వెనక పేజీల్లో రాసింది. మూడు రోజులయ్యాక మానెయ్యకుండా ఇప్పటికీ రాస్తోంది.

మొన్న పండక్కెళ్ళినప్పుడు నాకు చూపించింది. మొదట్లో రాత్రి నాలుగుసార్లు లేచేది, ఇప్పుడు రెండు. దగ్గు వచ్చినరోజు పక్కన చిన్న సున్నా చుట్టింది. అదేమిటంటే, "తడవలేదని" అంది, మా తాతయ్య వినేంత గట్టిగా.