గాయక దోష నిరూపణ: రాచకొండ వ్యాఖ్యానం నుండి టెలివిజన్ వేదిక దాకా

వేదికపై ఒంటరిగా పాడిన విద్యార్థికి సాధారణంగా అందే విమర్శ రెండు విధాలు. ఒకటి ‘బాగుంది’ అనే మెప్పు. రెండోది ‘ఇంకా సాధన చేయాలి’ అనే సలహా. ఏది దిద్దుకోవాలో ఈ రెండూ చెప్పవు. గాన దోషాలను నిర్దిష్టమైన పేర్లతో గుర్తించే సంప్రదాయం మాత్రం తెలుగు నేలకు కొత్త కాదు.

పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం ప్రకీర్ణకాధ్యాయంలో గాయకుల గుణదోషాలను వివరించింది. ఒంటరిగా పాడేవాడిని ‘ఏకలుడు’ అని, మరొకరితో కలిసి పాడేవాడిని ‘యమలుడు’ అని, బృందంతో పాడేవాడిని ‘వృందగాయకుడు’ అని విభజించింది. ఈ గ్రంథానికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్య రేచర్ల సింగభూపాలుని పేరుతో ప్రసిద్ధం. ఆయన రాజధాని రాచకొండ నేటి శంషాబాదు విమానాశ్రయానికి తూర్పు దిక్కున ఉంది. రసార్ణవసుధాకర కర్తగా సాహిత్య విద్యార్థులకు పరిచితుడైన ఈ రాజును గాన విమర్శ చరిత్రలోనూ స్మరించడం ఉచితం.

రత్నాకరం చెప్పిన గాయక దోషాలు 25. పళ్లు బిగించి పాడేవాడు సందష్టుడు. భయంతో పాడేవాడు భీతుడు. కళ్లు మూసుకొని పాడేవాడు నిమీలకుడు. ముక్కుతో పాడేవాడు సానునాసికుడు. అక్షరాలు స్పష్టంగా పలకనివాడు అవ్యక్తుడు. వీటిలో అనేకం ప్రతిభా లోపాలు కావు, సాధనతో తొలగే అలవాట్లు. అయితే కొన్ని గుణాలు కొరవడినా దోషం లేనివాడిని మధ్యముడిగా, దోషం ఉన్నవాడిని అధముడిగా శాస్త్రం నిర్ణయించింది. ఇక్కడ దోషం పేరే గాయకుని పేరైంది. శ్రేణిని నిర్ణయించే లక్షణకారునికి అది చాలు, శిక్షకునికి చాలదు. ‘నీవు భీతుడవు’ అనడం తీర్పు. ‘రెండో చరణం ఎత్తుగడలో ఊపిరి చాలక గొంతు వణికింది’ అనడం శిక్షణ.

గురుముఖ విద్యలో ఈ రెండో పద్ధతే నడిచింది. శిష్యుడు తప్పిన సంగతిని గురువు మళ్లీ పాడి వినిపించేవాడు; దిద్దుబాటు స్వరరూపంలోనే జరిగేది. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడుగా సంగీత కళాశాల వెలసింది. పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో ఘంటసాల అక్కడే చదివారు. గాన విద్య ఆ విధంగా గురుగృహం నుండి తరగతి గదికి చేరింది.

1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ ఆ దిద్దుబాటును ఇంటింటికీ వినిపించింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అందులో పాట రచయితను, స్వరకర్తను, సందర్భాన్ని పరిచయం చేస్తూ, ఉచ్చారణలో దొర్లిన తప్పును పలికి చూపి సరిచేసేవారు. మార్కులు పోటీకి అవసరమయ్యాయి. విద్యార్థి వెంట ఇంటికి వెళ్లింది మాత్రం ఆ సవరణ. వేలమంది చూస్తుండగా తప్పు చెప్పవలసినప్పుడు మందలింపు బాల గాయకుల గొంతును మూయగలదు; పలికి చూపడం ఆ గొంతుకు దారి ఇస్తుంది.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. అవ్యక్త దోషం శ్రుతి పెట్టెతో తేలేది కాదు. ‘సకలం’ అంటే సమస్తం. ‘శకలం’ అంటే ముక్క. ‘కళ’ను ‘కల’గా పలికితే స్వరం నిలిచినా అర్థం జారిపోతుంది. సమాసం మధ్యలో ఊపిరి తీసుకుంటే అన్వయం చెడుతుంది. ఇటువంటి లోపాలను స్థలనిర్దేశంతో చూపి, కారణం చెప్పి, సరైన రూపాన్ని వినిపించడం భాషాధ్యాపకుని పని. కళాశాల గాన పోటీల న్యాయనిర్ణయంలో సంగీతజ్ఞుని పక్కన భాషావేత్తకూ స్థానం ఉండాలి. దోషానికి శాస్త్రం పేరు పెట్టింది. ఆ పేరు విద్యార్థికి ముద్రగా మిగలకుండా దిద్దుబాటుగా మారినప్పుడే విమర్శ సార్థకమవుతుంది.