కంప్యూటరు పోర్టులు: తెరచినవి, మూసినవి

రేపల్లెకు నైరుతి దిక్కున నిజాంపట్నము రేవు కలదు. 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకము కొరకు ఇచ్చట దిగిరి. రేవును ఇంగ్లీషున పోర్టు అందురు. కంప్యూటరునకును పోర్టులు కలవు గాని అవి కంటికి కనుపించునవి కావు, ఒట్టి సంఖ్యలు. (కంప్యూటరు వెనుక తీగలు తగిలించు రంధ్రములును పోర్టులే. వాని ప్రసక్తి ఇచ్చట లేదు.)

ఇంటర్నెట్టులో కంప్యూటరునకు ఒక చిరునామా యుండును. కాని ఉత్తరములు తెచ్చు ప్రోగ్రాము, ఫైళ్ళు పంచు ప్రోగ్రాము ఒకేసారి పనిచేయుచున్నపుడు, వచ్చిన సమాచారము దేనిదో తెలియుటెట్లు? తెనాలిలో ఒక మేడకు ఇంటి నెంబరు ఒక్కటే. లోపలి వాటాలకు వేరు నెంబరులుండును. పోర్టు ఆ వాటా నెంబరు వంటిది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకుడుగా వెలువడిన టి.సి.పి. నిబంధనలలో దీనికి 16 బిట్లు కేటాయించిరి. కావున 0 మొదలు 65,535 వరకు సంఖ్యలు దొరకును. ఉత్తరములు పంపుటకు 25, విండోస్ ఫైళ్ళు పంచుకొనుటకు 445 వాడుకలో నున్నవి.

ఏదేని ఒక ప్రోగ్రాము ఒక సంఖ్యపై చెవి యొగ్గి కూర్చున్నచో, ఆ పోర్టు తెరచియున్నదందురు. తెరచియుండుట దోషము కాదు. తెరవనిదే సేవ జరుగదు. వినుచున్న ప్రోగ్రాములో లోపమున్నచోనే చిక్కు.

1988 నవంబరు 2న అమెరికాలో బయలుదేరిన మోరిస్ పురుగు అట్టి లోపములనే పట్టుకొని వేలాది కంప్యూటర్లలో చొరబడినది. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టు నందించెను. ఆ రోజులలో మోడెము ద్వారా కలిపిన ఇంటి కంప్యూటరునకు నేరుగా బయటి చిరునామాయే లభించుట వాడుక. దాని వాకిలి లోకమంతటికిని ఎదురుగా నుండెడిది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు 135వ పోర్టు గుండా దూరినది. మరుసటి ఆగస్టున విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీసు ప్యాకుతో ఫైర్‌వాల్ దానంతటదే పనిచేయ నారంభించెను. వాడుకరులలో పెక్కుమంది అమరికల జోలికి పోరు గదా!

అయినను 2017 మే 12న వానాక్రై వచ్చినది. తెరచియున్న 445వ పోర్టును వెదకికొనుచు వ్యాపించి, ఫైళ్ళకు తాళము వేసి, 300 డాలర్ల విలువ గల బిట్‌కాయిన్లు అడిగినది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని వాతబడెను. అప్పటికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును గుంటూరు జిల్లాలోనివే; బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. ఇందు విచారింపదగిన విషయమేమనగా, ఈ లోపమును సవరించు ప్యాచ్‌ను మైక్రోసాఫ్టు మార్చి 14ననే విడుదల చేసియుండెను.

విద్యార్థులు ఈ పోర్టులను స్వయముగా చూడవచ్చును. విండోస్ ఆదేశముల గవాక్షమున నెట్‌స్టాట్ అని, దాని ప్రక్క ఖాళీ విడిచి, అడ్డుగీత, ఎ, ఎన్ అను ఇంగ్లీషు అక్షరములు చేర్చినచో, వినుచున్న పోర్టుల పట్టిక వచ్చును. 127.0.0.1 చిరునామాతో నున్నవి ఆ యంత్రమునకే పరిమితము. తక్కినవి ఏ ప్రోగ్రామువో విచారించి, అక్కరలేని సేవను ఆపవలెను.

నేడు ఇంటి రూటరు ఒకే చిరునామాను అందరకు పంచుటచే బయటివారు సామాన్యముగా లోపలి కంప్యూటరును తాకలేరు. కాని వ్యాపించుచున్న ఆరవ తరపు చిరునామాల పద్ధతిలో ప్రతి యంత్రమునకు సొంత బయటి చిరునామా యుండగలదు. అచ్చట ఆ చాటు లేదు. రూటరులోని ఫైర్‌వాలే కాపు.