సాలార్‌జంగ్ ఒక్కరు కాదు

తొమ్మిదో తరగతి విహారయాత్రలో మన బ్యాచ్ అంతా సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు నేల మీద కూర్చున్నాం. గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలు కొట్టిందా లేదా అని లెక్కపెట్టడంతోనే సరిపోయింది. సాలార్‌జంగ్ అనే ఒకాయన ఇవన్నీ కొన్నాడనుకుని ఇంటికొచ్చాం. ఇంజనీరునై ఏళ్లు గడిచాక గాని నాకు తెలియలేదు, అది పేరు కాదు, నిజాం ఇచ్చిన బిరుదు అని. ఒకే ఇంట్లో తాత, తండ్రి, మనవడు ఆ బిరుదుతో దివాన్లయ్యారు.

తాత మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853లో ఇరవై నాలుగేళ్లకే దివాన్ అయ్యారు. ఖజానా ఖాళీ. అప్పుల పేరుతో బేరార్ అదే ఏడు కుంఫిణీ చేతికి పోయింది. శిస్తు వసూలును గుత్తేదార్ల నుంచి తప్పించి, జిల్లాలు ఏర్పరచి, జీతమిచ్చి అధికారులను పెట్టారు. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు వచ్చింది ఆయన హయాంలోనే. 1857లో తుర్రెబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు మాత్రం ఆయన ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. ఆ మాట దాటేసి పొగడటం నాకిష్టం లేదు. ఇంత సాయం చేసినా, 1876లో లండన్ వెళ్లి అడిగినా బేరార్ తిరిగి రాలేదు. ఆ ప్రయాణంలో రోములో కొన్న ముసుగు రెబెకా మాత్రం వచ్చింది. 1883లో కలరాతో పోయారు.

కొడుకు లాయక్ అలీ ఖాన్ మూడేళ్లు దివాన్‌గిరీ చేసి, 1889లో ముప్పై నిండకుండానే కన్నుమూశారు. అప్పటికి ఆయన బిడ్డ నెల కూడా నిండని పసికందు.

ఆ బిడ్డే యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1912లో దివాన్ అయి, రెండేళ్లకు వదిలేసి, తర్వాత జీవితమంతా వస్తువులు కొన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న ఆయనతో బిరుదూ పోయింది. నేరుగా వారసుడు లేకపోవడం వల్లే మనకీ మ్యూజియం దక్కింది. బంధువులు చివరికి హైకోర్టులో రాజీపడి సేకరణను ప్రభుత్వానికి వదిలారు. 1951లో నెహ్రూ దివాన్ దేవిడీలో ప్రారంభించిన మ్యూజియం 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి మారింది.

నిరుడు మళ్లీ వెళ్లాను. పన్నెండు కొట్టేసరికి స్థాపకుల గదిలో ముగ్గురి చిత్తరువుల ముందు ఉన్నాను. గదిలో ఇంకెవరూ లేరు. అందరూ గడియారం దగ్గరే ఉన్నారు.