ఈ సైకిల్ ఎవరిది?

వరంగల్‌లో మిల్స్ కాలనీ పోలీస్ స్టేషన్ ఉంది. దానికి ఆ పేరు తెచ్చిన మిల్లు మాత్రం లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్ద కొడుకు పేరు మీద 1934లో పెట్టించిన ఆజంజాహీ బట్టల మిల్లు 2000 దశకం మొదట్లో మూతపడింది. అది నడిచిన రోజుల్లో షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర చేరే జనంలో కొందరు నడిచొచ్చేవారు, కొందరు సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవారు. కాజీపేటలో రైల్వే, హనుమకొండలో కచేరీలు, వరంగల్‌లో మిల్లూ గంజూ. ఈ మూడు ఊళ్ళను కలిపే పది కిలోమీటర్ల దారి సైకిల్‌కు సరిగ్గా సరిపోయే దూరం.

సైకిల్ పోతే ఏం చేసేవారన్నది తర్వాతి మాట. పోయిన సైకిల్ దొరికితే అది తనదేనని ఎలా చూపాలన్నదే అసలు చిక్కు. అన్నీ నల్లవే, అన్నీ ఒకే ఎత్తువే. ర్యాలీ, హెర్క్యులిస్, హంబర్ లాంటి విలాయతీ బండ్ల కాలంలోనూ అంతే. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాక సైకిళ్ళు పెరిగాయే కానీ పోలికలు మారలేదు. అందుకే కొన్న మర్నాడే బండికి గుర్తులు పడేవి. చైన్ కవర్ మీద పెయింటర్ చేత పేరు, హ్యాండిల్‌కు చుట్టిన రంగు ప్లాస్టిక్ తీగ, సీటుకు కుచ్చుల తొడుగు, చక్రం ఇరుసుకు రంగు కుచ్చు. చూసేవాళ్ళకు అది సోకు. పోగొట్టుకున్నవాడికి అదే సాక్ష్యం.

దొంగకూ ఆ సంగతి తెలుసు. సీటు మార్చి, మడ్‌గార్డ్ విప్పి, చైన్ కవర్ పారేస్తే సగం గుర్తులు పోయినట్టే. ఫ్రేమ్ మీద కంపెనీ గుద్దిన నంబరు ఒక్కటే మిగులుతుంది. ఆ నంబరు ఎక్కడుంటుందో మెకానిక్‌కు తెలుసు. కొన్నవాడికే చాలాసార్లు తెలియదు.

సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలను తెలంగాణలో ‘సైకిల్ టాక్సీ’ అనేవారు. గంటకింత అని అద్దె. తిరిగి రాకపోతే నష్టమంతా దుకాణదారుదే కాబట్టి బండి మీద దుకాణం పేరు, వరుస నంబరు పెద్ద అక్షరాలతో రాయించేవాడు. ముఖం తెలియనివాడికి ఇవ్వడు. ఇచ్చినా, తెలిసినవాడెవడో వెంట వచ్చి హామీ ఉండాలి. ప్రీమియం లేదు, పాలసీ లేదు. ఉన్నదల్లా పక్కవాడి పూచీ.

రైల్వే స్టేషన్ దగ్గరా, సినిమా హాళ్ళ దగ్గరా స్టాండువాడి చీటీది మరో పద్ధతి. ఒక ముక్క హ్యాండిల్‌కు కడతాడు, రెండోది చేతికిస్తాడు. సినిమా వదిలాక ఆ ముక్క చూపిస్తేనే బండి కదలాలి. పైసలు తీసుకుని బండిని కాపలాకు పెట్టుకున్నవాడిపై 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒక బాధ్యత పెట్టింది. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువునూ అంతే జాగ్రత్తగా చూడాలి. బండి పోయి, స్టాండువాడి అశ్రద్ధ తేలితే నష్టపరిహారం అడగొచ్చు. అయితే నాలుగు పైసల చీటీ పట్టుకుని కోర్టు మెట్లెక్కేదెవరు?

సర్కారు దగ్గరా ఒక గుర్తు ఉండేది. సైకిల్‌కు పన్ను వసూలు చేసి, కట్టినట్టు చూపే రేకు బిళ్ళను బండికి తగిలించే పద్ధతి అనేక పురపాలికల్లో, పంచాయతీల్లో నడిచింది. బిళ్ళ లేకపోతే జరిమానా, రాత్రి లైటు లేకపోతే జరిమానా. జనం దాన్ని పీడగానే చూశారు. కానీ ఆ బిళ్ళ మీది నంబరు, ఆఫీసు పుస్తకంలోని పేరు కలిస్తే అది ఒక రిజిస్ట్రేషనే. పన్ను పోవడంతో ఆ పుస్తకమూ పోయింది.

మోటారు బండి కథ వేరుగా నడిచింది. బ్రిటిష్ ఇండియాలో 1939 మోటారు వాహనాల చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు ఉండేవి. 1946 నుంచి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. సైకిల్‌కు ఇంజన్ లేదు కాబట్టి ఆ చట్టం గడప బయటే ఉండిపోయింది. ఆర్‌సీ లేదు, నిర్బంధ బీమా లేదు. కొన్న నాటి బిల్లే దాని పుట్టుక పత్రం.

నిజాం కాలంలో రాజ్యానికి శిక్షాస్మృతి వేరు, ఠాణా కాగితాల భాష ఉర్దూ. భారత శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చింది 1951 ఏప్రిల్ 1న. అప్పటి నుంచి 2024 జూన్ దాకా సైకిల్ దొంగతనం అంటే 379వ సెక్షన్, మూడేళ్ళ దాకా జైలు. వస్తువు విలువ ఎంతన్నది చూడకుండా పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరం అది. దొరికిన బండికి పంచనామా రాసి ఠాణాలో పెడతారు. యజమాని కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటేనే అది బయటికొస్తుంది. ఈలోగా ఎండకూ వానకూ టైర్లు చీకిపోతాయి. పట్టుకున్న వాహనాలను ఠాణాల్లో ఏళ్ళ తరబడి పడేయొద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో గట్టిగానే చెప్పింది.

ఇక బీమా. 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమై, 107 సంస్థలు కలిసి నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. గృహస్థుల కోసం అవి అమ్మిన ప్యాకేజీ పాలసీలో అగ్నిప్రమాదం, ఇంట్లో దొంగతనం, టీవీ వగైరాలతో పాటు పెడల్ సైకిల్‌కూ ఒక విభాగం ఉండేది. అందులో ఒక మెలిక ఉంది. బండి మొత్తం పోతేనే దాని మీది సామాన్లకూ పైకం. బండి వదిలేసి డైనమో ఒక్కటే ఊడదీసుకుపోతే కంపెనీకి సంబంధం లేదు. ఇటీవల వేల రూపాయల గేర్ సైకిళ్ళు వచ్చాక విడిగా సైకిల్ పాలసీలూ వచ్చాయి.

క్లెయిమ్ దారి మాత్రం పాతదే. పోయిందని తెలియగానే ఠాణాలో ఫిర్యాదు, కంపెనీకి కబురు, క్లెయిమ్ ఫారం, కొన్న బిల్లు, చివరికి ‘ఆచూకీ దొరకలేదు’ అని పోలీసులిచ్చే తుది నివేదిక. పైకం చేతికొచ్చాక బండి దొరికితే దాని మీద హక్కు కంపెనీది. కబురు ఆలస్యమైందనే సాకుతో క్లెయిములు తిరగ్గొట్టడం మామూలైపోయాక, 2020 జనవరిలో గుర్‌షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. అక్కడ పోయింది ట్రాక్టర్. అదే రోజు ఎఫ్‌ఐఆర్ అయింది, కంపెనీకి కబురు 52 రోజులకు అందింది. పోలీసులకు వెంటనే చెప్పి, దొంగతనం నిజమని తేలినప్పుడు ఆ జాప్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కాదనకూడదని తీర్పు.

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ, నేటి ఎన్‌ఐటీ, లాంటి చోట ఈ కాగితాల లెక్క కుదరదు. హాస్టల్ సైకిల్ చదువు ముగించినవాడి నుంచి కొత్తగా చేరినవాడికి నోటిమాట మీదే చేతులు మారుతుంది. బిల్లు ఏ బ్యాచ్‌లోనో ఆగిపోయి ఉంటుంది. అలాంటి బండి పోతే తనదేనని కంపెనీని ఒప్పించడం కష్టం. పైగా అది ఎప్పుడో దొంగ చేయి దాటి వచ్చిందని తేలితే, ఎన్ని పైసలు పెట్టి కొన్నా హక్కు రాదు. 1930 సరుకుల విక్రయ చట్టం అంతే చెబుతుంది.

ఈ చిక్కును మిగతా దేశాలు తలో విధంగా విప్పుకున్నాయి. జపాన్‌లో 1994 నుంచి ప్రతి సైకిల్‌కూ దొంగతన నివారణ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నెదర్లాండ్స్‌లో బీమా కంపెనీలు క్లెయిమ్‌తో పాటు తాళం చెవులు రెండూ తెమ్మంటాయి. రెండోది చూపలేకపోతే బండికి తాళం వేశాడన్న మాటే అనుమానంలో పడుతుంది.

మనదేశంలో పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, దొంగిలించిన వస్తువు విలువ ఐదు వేల రూపాయల లోపుండి, తొలిసారి శిక్ష పడేవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే జైలు లేదు, సమాజ సేవే శిక్ష. దానితో పాటు వచ్చిన నాగరిక సురక్షా సంహిత అలాంటి దొంగతనాన్ని పోలీసులు నేరుగా కేసు కట్టలేని నేరాల పట్టికలో చేర్చింది. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు లేదు. కూలికో కూరగాయల మార్కెట్‌కో తొక్కే పాత సైకిల్ విలువ చాలావరకు ఆ గీత కిందే ఉంటుంది. దాని యజమాని ఇప్పుడు మిల్స్ కాలనీ ఠాణాకు వెళ్ళాడనుకుందాం. బండి తనదని చూపడానికే కాదు, అది ఐదు వేలకు పైనా కిందా అని తేల్చడానికి కూడా అతనికి కావలసింది ఆ పాత బిల్లే.