శ్రీకాళహస్తి పెళ్లి వీడియో: కెమెరా పక్కన నిలబడ్డ చరిత్ర

పెళ్లి వీడియోల చరిత్ర చెప్పమంటే చాలామంది కెమెరాల పేర్లు వరసపెట్టి ఊరుకుంటారు. ఆ పద్ధతిలో శ్రీకాళహస్తి లాంటి ఊరి కథ సగమే తెలుస్తుంది. ఇక్కడ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో స్వామి, అమ్మవార్ల కల్యాణం రాత్రివేళ జరుగుతుంది. ఆ ముహూర్తానికే ఎన్నో జంటలు అక్కడ ఒక్కటవుతాయి. కనుమనాడు ఉత్సవమూర్తులు గిరిప్రదక్షిణకు కదులుతారు. గుడి లోపలికి కెమెరా తీసుకుపోనివ్వరు. కాబట్టి వీడియో తీసేవాళ్ల పనంతా బయటే: చీకట్లో, జనం తోపులాటలో, ప్లగ్గు దొరకని దారిలో. ఇలాంటి చోట ఈ వృత్తిని మలిచింది లైటు, బ్యాటరీ, మైకు, స్టాండు అని నా నమ్మకం.

జేవీసీ వీహెచ్‌ఎస్ టేపును తెచ్చింది 1976లో. పానసోనిక్ ఎం7 లాంటి భుజాన మోసే కెమెరాలు మన పెళ్లిళ్లకు వచ్చేసరికి ఎనభైలు ముగింపుకొచ్చాయి. వెలుగు తగ్గితే వాటిలో బొమ్మ గింజలు గింజలుగా వచ్చేది. అందుకే హాలోజన్ లైటు. వెయ్యి వాట్ల బల్బు నాలుగు ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. దానికి వైరు కావాలి, లైటు పట్టుకునే కుర్రాడు కావాలి, కరెంటు పోతే జనరేటర్ కావాలి. తలంబ్రాల వేళ ఆ వేడికి పెళ్లికూతురి నుదుటి మీద బొట్టు కరిగేది. ఊరేగింపులో వైరు ఎంతదాకా పోతే బొమ్మ అంతదాకానే.

తర్వాతి కెమెరాలు చీకట్లోనూ చూడగలిగాయి, ఇక ఈ సరంజామాతో పనేముంది అంటారు కొందరు. లైటు వరకు ఆ మాట చాలావరకు నిజం. శబ్దం దగ్గర నిలవదు. 2000లో వచ్చిన సోనీ పీడీ150కి ప్రొఫెషనల్ మైకుల కోసం రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉండేవి, శబ్దాన్ని చేత్తో సరిచేసుకునే వీలుండేది. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చింది. సినిమా లాంటి బొమ్మ చూసి అందరూ అటు మళ్లారు. దానికి హెడ్‌ఫోన్ సాకెట్టే లేదు. ఒక్కో ఫైలు 4 జీబీ నిండగానే, అంటే సుమారు 12 నిమిషాలకు, రికార్డింగ్ ఆగేది. 2010లో సాఫ్ట్‌వేర్ మార్చేదాకా శబ్దం స్థాయి దాని ఇష్టమే. గట్టిమేళం మోగగానే ఆ యంత్రం శబ్దాన్ని అమాంతం తగ్గించేస్తుంది. మేళం ఆగాక పురోహితుడి మంత్రం కాసేపు వినబడదు. తాళి మళ్లీ కట్టించలేం. విడి రికార్డరు, కాలర్ మైకు, రెండో కెమెరా అవసరమైంది అందుకే. కెమెరా మెరుగుపడ్డాక పక్కసామాను తగ్గకపోగా పెరిగింది.

ఇవన్నీ జపాన్ కంపెనీల తేదీలు, ఇందులో శ్రీకాళహస్తి ఎక్కడుంది అని అడగొచ్చు. యంత్రం అక్కడిదే. అర్ధరాత్రి ముహూర్తం, మేళం, కొండదారి మాత్రం ఇక్కడివి. కొన్న యంత్రానికి ఏం జోడించాలో తేల్చింది అవే. పీడీ150 కాలం నాటి సోనీ ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీనే చూడండి. ఆ కెమెరాలు మూలనపడి ఏళ్లయింది. అదే బ్యాటరీ ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్ల వెనకా, మానిటర్ల వెనకా పనిచేస్తోంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నా మనవి ఒకటే. ముందు మంచి మైకు, సరిపడా బ్యాటరీలు, కదలని స్టాండు కొనండి. కెమెరా మిగిలిన డబ్బుతో కొనండి.