భూమిలో నిలిచిన నాణెము పెట్టెలో చెడుట

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. నేను లెక్కలు వ్రాసికొనువాడను. నాకు తెలిసిన చరిత్రమంతయు ఈ గ్రంథాలయపు పుస్తకములలో చదివినదే. కావున ఏ రాజవంశమును గూర్చియో వ్రాయ సాహసింపక, మన బీరువాలోనే జరిగిన ఒక నష్టమును గూర్చి వ్రాయుచున్నాను. ఆ నష్టమునకు బాధ్యుడను నేనే.

కీర్తిశేషులైన ఒక ఉపాధ్యాయులు తాము సేకరించిన 41 పాత నాణెములను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మన గ్రంథాలయమునకు ఇచ్చిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అందు కుంపిణీవారి రాగి డబ్బులు, నైజాము నాణెములు, రెండు వెండి విద్ధాంక నాణెములు కలవు. అన్నిటికంటె అపురూపమైనవి శాతవాహనుల కాలపు సీసపు నాణెములు మూడు. వానిపై ఒకవైపు చైత్యపు గుర్తు, రెండవవైపు ఉజ్జయిని గుర్తు, అంచున బ్రాహ్మీలిపిలో ప్రాకృతాక్షరములు. రేకుడబ్బా గౌరవముగా లేదని తలచి, నేను వానిని మూడు గుడ్డమూటలుగా కట్టి బీరువాలోని కొయ్యసొరుగున భద్రపరచితిని. అంతకుముందు రాగివానిని చింతపండు, ఉప్పు పెట్టి తోమించితిని. అవి బంగారమువలె మెరసినవి. చూచినవారందరు మెచ్చుకొనిరి.

పిమ్మట పదునాలుగేండ్లు ప్రతి మార్చి నెలాఖరున సొరుగు తెరచి, మూటలు మూడును ఉన్నవని చూచి, నిలువ పుస్తకములో సంతకము చేయుచు వచ్చితిని. ఈ ఉత్సవపు ప్రదర్శనకై మూటలు విప్పగా, సీసపు నాణెములలో రెండు తెల్లని పొడియై గుడ్డకు అంటుకొని యుండెను. రాగివానిపై లేతపచ్చని పొక్కులు లేచినవి. రెండువేల ఏండ్లకు దగ్గరగా మట్టిలో నిలిచిన వస్తువు మన బీరువాలో పదునాలుగేండ్లు నిలువలేకపోయినది!

చెమ్మను గూర్చిన భయము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున సన్నిధాత అను అధికారి కోశమును ఎట్లు కట్టింపవలెనో చెప్పబడినది. నీరుగాని చెమ్మగాని ఊరని చోట చతురస్రముగా గొయ్యి త్రవ్వింపవలెను. ప్రక్కలను అడుగును వెడల్పు రాళ్లు పరపించి, లోపల చేవగల కొయ్యతో మూడంతస్తుల గూడు కట్టింపవలెను. ద్వారము ఒక్కటే. దొంగకంటె ముందుగా నీటిని తలచినాడు ఆ శాస్త్రకారుడు. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్ర ప్రతిని ఆధారముగా గొని శామశాస్త్రిగారు 1909లో ఈ గ్రంథమును ప్రకటించిరి. ఆ తాటాకులే చెమ్మ పాలైనచో మనకు ఈ మాట కూడ తెలిసియుండదు.

ఆ అధికరణముననే వెండి నాణెపు పాళ్లును కలవు. పదునారు మాషముల నాణెమున నాలుగు రాగి, ఒకటి ఇనుము, తగరము, సీసము, అంజనములలో ఏదో ఒకటి, తక్కిన పదునొకండు వెండి. వెండి నాణెమునకు పచ్చచిలుము పట్టుటేమని ఆశ్చర్యపడువారు ఈ నాలుగు మాషములను లెక్కలోనికి తీసికొనవలెను.

పెద్ద మ్యూజియములు కూడ ఈ పాఠమును నష్టపడియే నేర్చుకొన్నవి. మొదటి ప్రపంచయుద్ధమున లండనుపై బాంబులు పడుచుండగా, 1918లో బ్రిటిష్ మ్యూజియమువారు అనేక వస్తువులను నేలక్రింది సొరంగమున దాచిరి. బాంబులనుండి అవి తప్పించుకొన్నవి. కాని 1919లో వెలికి తీయగా ఇనుము తుప్పుపట్టి, కంచు పచ్చచుక్కలు తేలి, కాగితము బూజుపట్టి యుండెను. కారణము అరయుటకు అలెగ్జాండర్ స్కాట్ అను రసాయన శాస్త్రజ్ఞుని నియమించిరి. ఆ మ్యూజియపు ప్రయోగశాల 1920లో ఆ విధముగా పుట్టినది. మనవైపున మద్రాసు ప్రభుత్వ మ్యూజియములో 1930లో ఇట్టి ప్రయోగశాల ఏర్పడినది. అచ్చటి కంచు విగ్రహములకును ఈ తెగులే పట్టియుండెను.

ఈ తెగులు నడక ఎట్టిదో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో 1890వ దశకముననే వివరించెను. మట్టిలోని ఉప్పు రాగితో కలిసి, చిలుముపొర క్రింద మైనమువంటి పదార్థమై దాగియుండును. మట్టిలో గాలి మారదు గనుక అది కదలదు. బయటికి తీసి చెమ్మగాలి తగిలినంతనే పచ్చని పొడిగా మారి, ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము క్రొత్త రాగిని తిని మరల ఆ మైనమునే చేయును. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. మట్టి ఉప్పు చాలదన్నట్లు నేను వంటింటి ఉప్పును కూడ తోడుచేసితిని. పైగా చింతపులుపు, నాణెమునకు కవచముగా నున్న పాతపొరను ఊడ్చివేసినది.

సీసము కథ వేరు. పూర్వము గ్రీకులు సీసమును పులిసిన ద్రాక్షసారా కుండలలో ఆ సారాకు పైగా ఉంచి, దానిపై పట్టిన తెల్లని పొడిని గీకి రంగుగా వాడిరి. దీనిని థియోఫ్రాస్టసు వ్రాసినాడు. కొయ్యనుండియు అట్టనుండియు అదేజాతి పులుపు ఆవిరి కొద్దికొద్దిగా వెలువడును. మూసిన సొరుగు, వానకాలపు చెమ్మ, లోపల సీసము. నేను తెలియకయే ఆ గ్రీకుల కార్ఖానాను మన బీరువాలో నడిపితిని! ఆ పొడి విషము. ఊదరాదు, తాకినచో చేతులు కడుగుకొనవలెను.

ఇండ్లలో పాత నాణెములున్నవారికి ఒక మాట. తోమకుడు. చేతిచెమటలోను ఉప్పున్నది గనుక అంచులు పట్టి ఎత్తుడు. కొయ్య, అట్ట, మెత్తని పి.వి.సి. కవర్లు వలదు. బిగుతు మూతగల గాజుసీసా చాలును. క్రొత్త చెప్పుల పెట్టెలలో వచ్చు సిలికా జెల్ పొట్లములను పారవేయక అందు వేయుడు. అవి చెమ్మ త్రాగి నిండినప్పుడు మార్చవలెను. కంచునకు, రాగికి గాలిలో తేమ నూటికి 40 పాళ్లు దాటకున్న మేలు. మన కోస్తాలో వానకాలమున 80 దాటుట సామాన్యము. పచ్చపొక్కులు లేచినదానిని తక్కినవానినుండి వేరుచేసి, మ్యూజియమువారికి చూపుడు. పొలమున దొరికిన నిధియైనచో 1878 నాటి చట్టము ప్రకారము ముందుగా కలెక్టరుగారికి తెలుపవలెను.

మిగిలిన సీసపు నాణెము ఇప్పుడు సీసాలో నున్నది. నిలువ పుస్తకములో 41 కొట్టివేసి 39 అని వ్రాసి, కారణమును కూడ వ్రాసితిని. పోయిన రెండింటిపై నున్న అక్షరములను నేను ఏనాడును కాగితముపై ఎక్కించలేదు. నాణెములు వచ్చిన తొలిరోజులలో వానిని చూచినవారెవరైన ఆ అక్షరములను దిద్దుకొనియున్నను, ఫొటో తీసియున్నను, దయచేసి గ్రంథాలయమునకు తీసికొని రావలెను. సాయంకాలము 4 గంటలు మొదలు దీపాలవేళ దాక నేను అక్కడనే యుందును.