ఉత్త ఫొటో వేరు, స్కాన్ వేరు

పట్టా పాస్‌బుక్, టీసీ, కులం సర్టిఫికెట్.. ఏది అప్‌లోడ్ చేయాలన్నా నెట్ సెంటర్‌కే ఉరుకుతున్నం. చేతిల ఉన్న ఫోన్ కూడా ఆ పని చేస్తది. ఉత్త ఫొటో తీస్తే కాగితం వంకరగ వస్తది, నీడ పడ్తది. స్కానర్ అట్ల కాదు. నాలుగు అంచులు గుర్తుపట్టి, వంకర సరిచేసి పీడీఎఫ్ తయారుచేస్తది.

ఆండ్రాయిడ్‌ల గూగుల్ డ్రైవ్, ఐఫోన్‌ల నోట్స్ యాప్‌లనే ఈ సౌలత్ ఉంది. ముదురు రంగు బట్ట మీద కాగితం సాపుగ పరిచి, కిటికీ వెలుతురుల, సరిగ్గ పైనుంచి తీయాలె. లామినేషన్ కార్డుకు ఫ్లాష్ వద్దు, మెరుపుకు అక్షరాలు పోతయ్. పంపేముందు పెద్దగ చేసి సర్వే నంబర్, ముద్ర కనవడ్తున్నయా చూడాలె.

అసలు లాభం ఇంకోటుంది. నెట్ సెంటర్ కంప్యూటర్‌ల మన ఆధార్ కాపీ మిగిలితే ఎవరి చేతుల పడ్తదో తెల్వదు. అట్లని ఏ యాప్ పడితే ఆ యాప్ ఎక్కించుకోవద్దు. 2020 జూన్‌ల కేంద్రం నిషేధించిన 59 యాప్‌లల్ల క్యామ్‌స్కానర్ కూడా ఉంది. ఆధార్ అడిగితే, మొదటి 8 అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ నడుస్తదా అని అడగాలె.

ఒక్కటి యాదుంచుకోవాలె. స్కాన్ నకలే. అసలు కాగితం ఇంట్ల పైలంగ ఉండాలె.